కాలు పోయిన జవానుకి ఏ ఆట సరిపోతుంది: మా తమ్ముడి కోసం వేసుకున్న లెక్క

మా తమ్ముడు ఆర్మీలో నాయక్‌గా ఉండేవాడు. మందుపాతర పేలి ఎడమ కాలు మోకాలి కిందనుంచి పోయింది. సెలవు మీద ఇంటికొచ్చిన మొదటి వారం, చూడ్డానికి వచ్చినవాళ్లలో సగం మంది ఫోన్ తీసి ఏదో ఒక వీడియో చూపించారు. కృత్రిమ కాలికి బదులు పరుగు కోసం చేసిన బ్లేడు కట్టుకుని పరుగు తీసేవాళ్లు, ఒంటికాలితో కొండలెక్కేవాళ్లు. "నువ్వూ చెయ్యగలవురా" అన్నారు. వాడు అందరికీ తలూపాడు. రాత్రి పడుకోబోయే ముందు నాతో మెల్లగా, "అన్నా, ముందు నన్ను బాత్‌రూమ్‌కి ఒక్కణ్ణే వెళ్లనీ. పరుగు సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు.

ఆ తర్వాత మూడేళ్లు మేము చాలా చోట్ల తిరిగాం, చాలామందిని అడిగాం, కొన్ని తప్పులు చేసి డబ్బు కూడా పోగొట్టుకున్నాం. మాది గిద్దలూరు దగ్గర పల్లె. మా చుట్టుపక్కల ఫౌజీ ఇళ్లు చాలానే ఉన్నాయి. మాలాంటి ఇల్లు ఇంకొకటి ఇదే అయోమయంలో ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి ఏడాది ఏ ఆటా ఎంచుకోకండి. రెండో ఏడాదిలో, ఇంటికి దగ్గర్లో ప్రాక్టీసు దొరికేది, కోత తర్వాత మిగిలిన కాలికి పుండు చెయ్యనిది ఒకటి మొదలుపెట్టండి. మోకాలి కింద కాలు పోయినవాళ్లకి అది చాలాసార్లు కూర్చుని విసిరే షాట్‌పుట్ అవుతుంది, లేదంటే ఈత. బ్లేడు పరుగు అన్నిటికన్నా చివర.

తొందర ఎందుకు వద్దంటున్నానో పేరున్నవాళ్ల సంవత్సరాలు చూస్తేనే తెలుస్తుంది. మురళీకాంత్ పేట్కర్ ఆర్మీలో యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగం జవాను, బాక్సరు. 1965 యుద్ధంలో ఒంటినిండా బుల్లెట్లు తగిలాయి. ఆయనకి ఈత మొదట వైద్యంగానే మొదలైంది. 1972లో హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లో స్వర్ణం గెలిచారు, పారాలింపిక్స్‌లో మన దేశానికి అదే మొదటి స్వర్ణం. మధ్యలో ఏడేళ్లు. మేజర్ డి.పి. సింగ్ కార్గిల్‌లో గాయపడింది 1999లో, మొదటి హాఫ్ మారథాన్ పరుగెత్తింది 2009లో. అస్సాం రెజిమెంట్‌కి చెందిన నాగాలాండ్ జవాను హొకాటో సెమా 2002 అక్టోబరులో కశ్మీర్‌లో మందుపాతరకి ఎడమ కాలు పోగొట్టుకున్నాడు. షాట్‌పుట్ పట్టింది 2016లో, అప్పటికి వయసు 32. పారిస్‌లో 2024లో 14.65 మీటర్లు విసిరి కాంస్యం తెచ్చాడు. మా తమ్ముడు ఈ లెక్క విన్న రోజు మొహంలో టెన్షన్ కొంచెం తగ్గింది. వాడికి అప్పటికి గాయమై ఎనిమిది నెలలే.

ఆట కంటే ముందు కాలు

స్టంప్ అంటే కోత తర్వాత మిగిలిన కాలు. మొదట్లో అది వాచి ఉంటుంది, నెలల తరబడి సన్నబడుతూ పోతుంది. క్రేప్ బ్యాండేజీ ఎనిమిది అంకె ఆకారంలో, కింద బిగుతుగా, పైకి పోయేకొద్దీ వదులుగా చుట్టాలి. ఇది ఇంట్లో కనీసం ఇద్దరికి రావాలి. మా ఇంట్లో నాకన్నా మా మరదలు బాగా చుట్టేది. రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టాలి, మోకాలి కింద దిండు పెట్టకూడదు. హాయిగా ఉంటుందని దిండు పెడితే మోకాలు వంగినట్టే బిగిసిపోతుంది, తర్వాత కృత్రిమ కాలు సరిగ్గా కూర్చోదు. లేని పాదం మంట పుడుతోందని, వేళ్లు మెలిపెడుతున్నాయని అర్ధరాత్రి లేస్తే అది భ్రమ అని కొట్టిపారెయ్యకండి. ఆ నొప్పి నిజమైందే. దానికి మందులున్నాయి, అద్దం ఎదురుగా పెట్టి చేయించే వ్యాయామం ఉంది. డాక్టరుకి చెప్పాలి.

కాలు ఎక్కడ పెట్టించుకోవాలన్నది మొదటి ఎంపిక. సర్వీసులో ఉన్నవాళ్లకి పుణేలోని ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్. 1944 నుంచి నడుస్తోంది, అందరూ ఏఎల్‌సీ అంటారు. దూరం, భాష కొత్త, ఇంటివాళ్లు పక్కన ఉండటం కష్టం. అయినా నా ఓటు దానికే. కాలు బిగించి పంపెయ్యరు, నడక నేర్పుతారు, సాకెట్, అంటే స్టంప్ దూరే గిన్నెలాంటి భాగం, వదులైతే మళ్లీ చూస్తారు. అన్నిటికన్నా పెద్ద లాభం, పక్క మంచం మీద కూడా కాలు లేనివాడే ఉంటాడు. మా తమ్ముడు ఇంట్లో మూడు నెలల్లో మాట్లాడనంత అక్కడ మూడు వారాల్లో మాట్లాడాడు.

జైపూర్ కాలు రెండో దారి. రబ్బరు పాదం, తేలిక, ఉచితంగా దొరికే శిబిరాలు ఉంటాయి. చెప్పు లేకుండా నడవొచ్చు, పొలం గట్టు మీద, బురదలో, నీళ్లలో ఇబ్బంది ఉండదు, కింద కూర్చోవచ్చు. పల్లెలో ఉండేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. ఆటకి వేరే కాలు ఉన్నా ఇంటికి ఇదొకటి ఉంచుకోమంటాను.

మూడోది ప్రైవేటు దుకాణాలు. ఇక్కడే మేము దెబ్బతిన్నాం. ఎనిమిదో నెలలో, ఏఎల్‌సీ పిలుపు కోసం ఆగలేక, ఒకచోట సిలికాన్ లైనరుతో (స్టంప్ మీద వేసుకునే మెత్తటి తొడుగు) ఖరీదైన కాలు చేయించాం. స్టంప్ ఇంకా సన్నబడుతోందని, నాలుగు నెలల్లో సాకెట్ మార్చాల్సి వస్తుందని వాళ్లు చెప్పలేదు, మేము అడగలేదు. మూడో నెలకే లోపల కాలు గిలకలా ఆడటం మొదలైంది. తర్వాత ఎముక చివర ఎర్రగా కమిలి పుండైంది. ఆరు వారాలు మళ్లీ చంకకర్రలే. డబ్బు పోయినందుకన్నా ఆ ఆరు వారాలకి వాడు కుంగిపోయినందుకు ఎక్కువ బాధపడ్డాను. స్టంప్ కొలత నెలల తరబడి ఒకేలా నిలబడేదాకా ఖరీదైన కాలు జోలికి పోకండి.

ఇంకో చిన్న సంగతి, ఎవరూ ముందు చెప్పరు. పొద్దున ఒక సాక్సు మీద సరిపోయిన సాకెట్ సాయంత్రానికి మూడు సాక్సులు అడుగుతుంది. రోజంతా నడిచేసరికి స్టంప్ తగ్గుతుంది. మా తమ్ముడు ఎక్కడికి వెళ్లినా టిఫిన్ సంచిలో నాలుగు సాక్సులు, ఒక తువ్వాలు పెట్టుకుంటాడు. మన ఎండలకి లైనరులో చెమట నిలుస్తుంది. మధ్యాహ్నం కాలు తీసి, తుడుచుకుని, చర్మం చేత్తో తడిమి చూసుకుని మళ్లీ వేసుకుంటాడు. ఎరుపు కనిపించి పది నిమిషాల్లో పోకపోతే ఆ రోజుకి కాలు వెయ్యడు. ఏ ఆట మంచిదో తేల్చడానికి మేము పెట్టుకున్న మొదటి పరీక్ష ఇదే: ప్రాక్టీసు అయ్యాక ఆ ఎరుపు ఎంతసేపు ఉంది?

కూర్చుని విసరడం

ఈ పరీక్షలో అన్నిటికన్నా బాగా నెగ్గింది సీటెడ్ షాట్‌పుట్. బరువు పిరుదుల మీద, పని భుజానిది, నడుముది. స్టంప్ మీద భారం పడదు, కాలు తీసి పక్కన పెట్టి కూడా ఆడొచ్చు. హొకాటో సెమా, అతనిలాగే మందుపాతరకి కాలు పోయిన సోమన్ రాణా ఇద్దరూ ఎఫ్57 అనే క్లాసులో (గాయం తీరుని బట్టి చేసే విభాగం) ఇలా కూర్చునే విసురుతారు. హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల్లో ఇదే ఈవెంట్లో రాణాకి రజతం, సెమాకి కాంస్యం. ఇద్దరూ ఫౌజీలు, ఇద్దరివీ మందుపాతర గాయాలు, ఇద్దరికీ పుణేలోనే శిక్షణ.

సామాను కూడా తక్కువే. ఎఫ్57 మగవాళ్లకి గుండు 4 కిలోలు. కూర్చునే ఫ్రేమ్ ఎత్తు మెత్తతో కలిపి 75 సెంటీమీటర్లు దాటకూడదు. విసిరేటప్పుడు పిరుదులు సీటు మీంచి లేవకూడదు, లేస్తే ఆ త్రో పోయినట్టే. ఈ రెండు రూల్సూ రాసిచ్చి మా ఊరి వెల్డింగు షాపులో ఇనుప ఫ్రేమ్ చేయించాం. మొదటి రోజు దాన్ని మామిడి తోటలో పెట్టి నాలుగు మూలలా గూటాలు దిగ్గొట్టి తాళ్లతో బిగించాం. వాడు కూర్చుని, నడుముకి బెల్టు వేసుకుని, గుండు మెడకి ఆనించుకుని చాలాసేపు ఊరికే ఉన్నాడు. తర్వాత విసిరాడు. ఫ్రేమ్ వెనక్కి లేచింది, తాడొకటి ఊడింది, గుండు ఆరు మీటర్ల దగ్గర పడింది. నేను కంగారుగా ఫ్రేమ్ పట్టుకున్నాను. వాడు మాత్రం "టేపు పెట్టి సరిగ్గా కొలువు అన్నా" అన్నాడు. గాయమయ్యాక వాడు ఒక అంకె కోసం పట్టుబట్టడం అదే మొదలు.

లోపం ఒకటుంది. భుజం పాడైతే ఆట పోవడమే కాదు, చంకకర్రలు పట్టుకోవడం, మంచం మీంచి లేవడం కూడా కష్టమవుతాయి. కాలు లేనివాళ్లకి భుజమే రెండో కాలు. వారానికి మూడు రోజులు మించి విసరొద్దు, మిగతా రోజులు భుజం వెనక కండరాల వ్యాయామం చెయ్యండి. కోచ్ దొరక్కపోతే కనీసం ఫిజియో సలహా తీసుకోండి. జావెలిన్, డిస్కస్ కూడా కూర్చునే విసరొచ్చు, కానీ మొదలుపెట్టడానికి గుండే సులువు. తప్పు ఎక్కడ జరిగిందో వెంటనే తెలుస్తుంది.

రోయింగ్: మనవాడి దారి

ఆంధ్రా నుంచి ఆర్మీకి వెళ్లిన కొంగనపల్లి నారాయణ పేరు తెలుగు ఇళ్లలో ఇంకా ఎక్కువ వినపడాలి. 2015లో జమ్మూ కశ్మీర్‌లో మందుపాతరకి ఎడమ కాలు మోకాలి కింద పోయింది. పుణేలో రోయింగ్, అంటే తెడ్లతో పడవ నడిపే ఆట, పట్టాడు. అనితతో కలిసి, ఒక మగ, ఒక ఆడ జోడీగా నడిపే పీఆర్3 మిక్స్‌డ్ డబుల్ స్కల్స్‌లో హాంగ్‌ఝౌలో రజతం గెలిచాడు, 2024లో పారిస్ పారాలింపిక్స్ ఆడాడు. ఈ ఈవెంట్ పారాలింపిక్స్‌లో చేరింది పారిస్‌లోనే.

రోయింగ్‌లో క్లాసులు ఇలా ఉంటాయి: పీఆర్1లో చేతులు, భుజాలే పనిచేస్తాయి, పీఆర్2లో నడుము కూడా, పీఆర్3లో కాళ్లు కూడా. అంటే మోకాలు మిగిలినవాడికి పీఆర్3లో ఆ మోకాలు వృథా పోదు. ఒళ్లంతా సమంగా పనిచేస్తుంది, ఊపిరి బాగుపడుతుంది. ఫౌజు ఫిట్‌నెస్ పోయిందని దిగులుపడేవాడికి ఇంతకన్నా మంచి ఆట నాకు కనపడలేదు.

మరి మేమెందుకు ఎంచుకోలేదంటే, నీళ్లు, పడవ, కోచ్, జోడీ నాలుగూ ఒకేచోట కావాలి. సర్వీసులో ఉండి పుణేలో పోస్టింగ్ దొరికేవాడికి ఇది సాధ్యం. పెన్షన్ తీసుకుని ఊరికొచ్చినవాడికి కాదు. ఇంట్లో రోయింగ్ మెషీన్ కొని పెట్టుకోవచ్చు గానీ అది వ్యాయామం అవుతుంది, ఆట కాదు. మీవాడు ఇంకా యూనిఫాంలో ఉంటే, వయసు ముప్పై లోపు ఉంటే, షాట్‌పుట్ కన్నా ముందు దీని గురించే అడగండి.

ఈత, సైకిల్, బ్యాడ్మింటన్, పరుగు

ఈతకి కృత్రిమ కాలే అక్కర్లేదు. అదే దాని గొప్ప. గాయం పూర్తిగా మానాలి, చిన్న చిల్లు ఉన్నా కొలనులోకి దిగకూడదు. చిన్నప్పుడు బావిలో దూకి ఈత నేర్చుకున్నవాళ్లకి నీళ్లు భయం ఉండదు కాబట్టి సగం పని అయిపోయినట్టే. అయితే మొదటిసారి దిగినప్పుడు ఒళ్లు ఒకవైపుకి తిరిగిపోతుంది, పక్కన మనిషి ఉండాల్సిందే. అసలు ఇబ్బంది నీళ్లలో ఉండదు, గట్టు మీద ఉంటుంది. తడి టైల్స్ మీద చంకకర్ర జారుతుంది, నలుగురూ స్టంప్ వైపు చూస్తారు. మా తమ్ముడు ఆ చూపులకే రెండుసార్లు వెనక్కి వచ్చేశాడు. మూడోసారి పొద్దున్నే ఐదున్నరకి తీసుకెళ్లాను, ఎవరూ లేరు. ఇప్పుడు వారానికి రెండు రోజులు ఈదుతాడు, పోటీకి కాదు, నడుం నొప్పికి.

సైకిల్ తొక్కాలనుకుంటే హైదరాబాద్ మనకి దగ్గర. ఆదిత్య మెహతా రోడ్డు ప్రమాదంలో కాలు పోయాక పారా సైక్లిస్టు అయ్యాడు, ఆయన పెట్టిన ఫౌండేషన్ గాయపడిన బీఎస్ఎఫ్, సీఆర్‌పీఎఫ్ జవాన్లకి శిక్షణ ఇస్తూ వచ్చింది. సీఆర్‌పీఎఫ్ వాళ్లు హకీంపేటలో దివ్యాంగ జవాన్ల కోసం జాతీయ కేంద్రం పెట్టారు. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఐఈడీ బాంబులకి కాళ్లు పోయిన కేంద్ర బలగాల జవాన్ల కుటుంబాలు ముందు అక్కడ అడగాలి. మోకాలి కింద పోయినవాళ్లు మామూలు సైకిలే తొక్కుతారు, వెన్ను దెబ్బతిన్నవాళ్లకి చేతులతో తొక్కే సైకిల్ ఉంటుంది. మన రోడ్ల మీద ఒంటరిగా ప్రాక్టీసు మాత్రం ప్రమాదం.

బ్యాడ్మింటన్‌కి చిన్న టౌన్లో కూడా ఇండోర్ కోర్టు దొరుకుతుంది, చుట్టూ మనుషులుంటారు. కాలి లోపంతో నిలబడి ఆడే ఎస్ఎల్3 క్లాసు సింగిల్స్ సగం కోర్టులోనే ఆడతారు. కానీ ముందుకి దూకి ఆగిన ప్రతిసారీ సాకెట్ అంచు చర్మాన్ని నొక్కుతుంది. మా ఎరుపు పరీక్షలో ఇది గంట దాటింది. సరదాగా వారానికోసారి సరే.

ఇక బ్లేడు. కార్బన్ ఫైబరుతో చేస్తారు, మడమ ఉండదు, దాని మీద కదలకుండా నిలబడటమే కష్టం. నడిచే కాలు వేరు, ఇది వేరు, సాకెట్ కూడా వేరే చేయించాలి. ఖర్చు లక్షల్లో. పరుగులో ప్రతి అడుగుకీ ఒంటి బరువుకి రెండింతలకి పైగా ఆ కొంచెం చర్మం మీద పడుతుంది. స్టంప్ గట్టిపడి, మామూలు కాలితో రోజుకి నాలుగైదు కిలోమీటర్లు ఏ ఎరుపూ లేకుండా నడిచినవాడికే దీని ఆలోచన. పరుగంటే ప్రాణం ఉన్న కుర్రాడికి వద్దని చెప్పను. వీడియో చూసి తొందరపడే బంధువులకి మాత్రం గట్టిగా వద్దని చెప్తాను.

వెన్ను దెబ్బతిన్నవాళ్లకి

ఇది వేరే లోకం, నాకు దగ్గరగా తెలిసింది ఏఎల్‌సీలో పరిచయమైనవాళ్ల వల్లే. పుణే పక్కన ఖడ్కీలో, మొహాలీలో పారాప్లెజిక్ (నడుము కింద పక్షవాతం వచ్చినవాళ్ల) రిహాబిలిటేషన్ సెంటర్లు ఉన్నాయి. బోర్డ్ అవుట్ అయిన, అంటే గాయం వల్ల సర్వీసు నుంచి బయటికొచ్చిన జవాన్లు అక్కడే ఉండి ఆటలు, పని రెండూ చేసుకోవచ్చు. ఇంట్లో చూసుకునేవాళ్లు లేకపోతే అది మంచి దారి. తల్లి, భార్య పక్కన ఉంటే ఇల్లే మేలు.

ఈ కుర్రాళ్లకి ఆటకన్నా ముందు ప్రాణం కాపాడే అలవాటు ఒకటుంది. వీల్‌చైర్లో పావుగంటకోసారి చేతుల మీద ఒళ్లు లేపి కొన్ని క్షణాలు ఆపాలి. స్పర్శ లేనిచోట పుండు పడితే తెలియదు, నెలల తరబడి మంచాన పడేస్తుంది. వెన్నుకి దెబ్బ ఛాతీ పైభాగంలో, ఇంకా పైన తగిలినవాళ్లకి చెమట సరిగ్గా పట్టదు, మే నెల ఎండలో ప్రాక్టీసు ప్రాణం మీదికి వస్తుంది. వాళ్లకే మూత్రం నిండిపోయినా బీపీ ఒక్కసారిగా పెరిగి తల పగిలేంత నొప్పి వస్తుంది. కోచ్‌కి, పక్కవాళ్లకి ఇది ముందే చెప్పి ఉంచాలి.

అందుకే వీళ్లకి నీడలో ఆడేవి మేలు. ఎయిర్ రైఫిల్ షూటింగ్ చాలా బాగా సరిపోతుంది, ఫౌజీకి తుపాకీ, ఊపిరి బిగబట్టడం కొత్త కాదు. రైఫిల్ బరువు చేతులు మొయ్యగలిగితే ఎస్‌హెచ్1, స్టాండ్ కావాలంటే ఎస్‌హెచ్2. ఖరీదు ఎక్కువ, సొంత రైఫిల్ లక్షల్లో ఉంటుంది కాబట్టి రేంజ్ వాళ్ల రైఫిల్‌తో ఏడాది ఆడి చూడండి. విలువిద్య కొంచెం చౌక, భుజం మీద భారం ఎక్కువ. 1948లో ఇంగ్లండ్‌లో స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో డాక్టర్ గుట్‌మన్ గాయపడిన సైనికులకి పెట్టిన మొదటి పోటీ కూడా విలువిద్యే. పడుకుని బరువులెత్తే పారా పవర్‌లిఫ్టింగ్‌కి ఊళ్లో జిమ్ చాలు, కానీ రోజంతా వీల్‌చైర్ తోసే భుజాలకి అది అదనపు బరువు. బాస్కెట్‌బాల్ ఒంటరితనానికి మందులాంటిది. పది మంది, పది స్పోర్ట్స్ వీల్‌చైర్లు కావాలి, అందుకే సెంటర్లో ఉన్నవాళ్లకే.

ఉండాలా, వచ్చేయాలా

మెడికల్ కేటగిరీ తగ్గినా షెల్టర్డ్ అపాయింట్‌మెంట్‌లో (గాయానికి తగ్గ తేలిక పనిలో) సర్వీసులో కొనసాగొచ్చు, లేదా డిసెబిలిటీ పెన్షన్‌తో ఇంటికి రావొచ్చు. ఆట మీద మనసుంటే సర్వీసులో ఉండటమే మంచిదని నా గట్టి నమ్మకం. ఖడ్కీలో ఆర్మీ ఇంజనీర్ల బీఈజీ సెంటర్లో 2017 నుంచి ఆర్మీ పారాలింపిక్ నోడ్, అంటే పారా ఆటల శిక్షణ కేంద్రం ఉంది. కోచ్, తిండి, ఫిజియో, సామాను అన్నీ అక్కడే. ఊళ్లో ఇవన్నీ సొంత జేబుతో కూర్చుకోవాలి. మావాడు మాత్రం వచ్చేశాడు. అమ్మకి బాగాలేదు, పిల్లలు చిన్నవాళ్లు. ఆ నిర్ణయం మీద మేమెవరం వాణ్ణి మళ్లీ ప్రశ్నించలేదు.

పోటీకి వెళ్లాలంటే క్లాసిఫికేషన్ తప్పనిసరి. గాయం ఎంత, కండరం ఎంత పనిచేస్తోంది, ఆట ఎలా ఆడుతున్నాడు అన్నీ చూసి క్లాసు ఇస్తారు. ఆ రోజుకి ఆపరేషన్ కాగితాలు, ఎక్స్‌రేలు, డిశ్చార్జ్ సమ్మరీ, మెడికల్ బోర్డు కాగితాలు, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) ఒకే ఫైల్లో పెట్టుకోండి. ఒక ఆటలో వచ్చిన క్లాసు ఇంకో ఆటలో పనికిరాదు. ప్రతి క్లాసుకీ ప్రతి ఈవెంట్ ఉండదు కూడా, కాబట్టి రెండేళ్లు కష్టపడక ముందే మీవాడి క్లాసుకి ఆ ఈవెంట్ ఉందో లేదో కనుక్కోండి.

మా తమ్ముడు మొన్న శనివారం తోటలో తొమ్మిది మీటర్ల ముప్పై విసిరాడు. గూటాలకి ఇప్పుడు తాళ్ల బదులు రాట్చెట్ బెల్టులు వాడుతున్నాం, ఫ్రేమ్ కదలడం లేదు. టేపు రెండో కొస పట్టుకునేది వాడి కూతురు. అంకె చదివాక, కాలు వేసుకోబోతున్న నాన్న దగ్గరికి పోయి స్టంప్ మీద ఎరుపు ఉందేమో వంగి చూస్తుంది. ఉంటే పదిదాకా కాదు, ఆరువందల దాకా లెక్కపెడుతుంది.